శోకానికి మాట సాయం: దీర్ఘకాల శోక చికిత్స చరిత్ర

ఉపోద్ఘాతం

ఆప్తులు పోయినప్పుడు ఏడవడం రోగం కాదు. నెలలు గడిచేకొద్దీ ఆ దుఃఖం పూర్తిగా పోకపోయినా, మనిషిని లేచి తన పనులు తాను చేసుకోనిస్తుంది. చాలామందికి ఇందుకు వైద్యుడి అవసరమే ఉండదు. కాని కొద్దిమంది విషయంలో అలా జరగదు. రెండేళ్లు, అయిదేళ్లు, పదేళ్లు గడిచినా మరణవార్త నిన్ననే విన్నట్టుంటారు. పోయినవారి గది తలుపు తీయలేరు, లేదా ఆ గది విడిచి బయటికి రాలేరు. ఆ రోజు ఆస్పత్రికి ఇంకాస్త ముందు తీసుకువెళ్లి ఉంటే బతికేవారన్న ఒక్క ఆలోచన చుట్టూ బతుకంతా తిరుగుతూ ఉంటుంది. ఈ స్థితిని నేటి వైద్యశాస్త్రం 'దీర్ఘకాల శోక రుగ్మత' అని పిలుస్తున్నది. దీనికి పరీక్షలకు నిలిచిన ప్రధాన చికిత్స మాత్రలు, ఇంజక్షన్లతో చేసేది కాదు. ఒక పద్ధతి ప్రకారం మాట్లాడించడం, వినడం ద్వారా చేసేది. దీన్నే సంభాషణా చికిత్స అంటాం.

ఈ చికిత్స చరిత్రను సాధారణంగా గొప్ప వైద్యుల పేర్ల వరుసగా చెప్తుంటారు. ఆ పేర్లు మీకు ఇక్కడా కనిపిస్తాయి. అయితే చదువుతున్నప్పుడు మీరు మరొకటి కూడా గమనించండి. సిద్ధాంతం చెప్పినదానికీ, దుఃఖంలో ఉన్న మనుషులు చెప్పినదానికీ పొత్తు కుదరనప్పుడల్లా, ఆ మనుషుల మాటను ఎవరో ఒకరు నమ్మారు. చికిత్స మారింది ఆ నమ్మకం వల్లనే అని నా అభిప్రాయం. ఇది ఎంతవరకు నిజమో పాఠం చదివి మీరే నిర్ణయించుకోవచ్చు.

వియన్నాలో మొదలు

'మాటల చికిత్స' అన్న పేరు పెట్టింది వైద్యుడు కాదు, ఒక రోగి. ఆమె వియన్నాకు చెందిన బెర్తా పాపెన్‌హైమ్. 1880లో తండ్రి జబ్బుపడ్డాడు. ఇరవై ఒక్క ఏళ్ల ఆ అమ్మాయి రాత్రులు మేలుకొని ఆయనకు సేవ చేసింది. క్రమంగా తానే మంచం పట్టింది. చేయి పడిపోవడం, మాట పోవడం, సొంత భాష జర్మన్ మరచిపోయి ఇంగ్లీషులోనే మాట్లాడటం వంటి లక్షణాలు ఆమెలో కనిపించాయి. 1881 ఏప్రిల్‌లో తండ్రి మరణించాడు. యోసెఫ్ బ్రాయర్ అనే వైద్యుడు రోజూ వచ్చి ఆమె చెప్పేది వినేవాడు. అలా చెప్పుకోవడాన్ని ఆమె ఇంగ్లీషులో 'టాకింగ్ క్యూర్' అన్నది. సరదాగా ఉన్నప్పుడు 'పొగగొట్టం శుభ్రం చేయడం' అనేది. (రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది కూడా 1881లోనే, డిసెంబరు 11న. ఈ రెండింటికీ సంబంధం లేదు గాని, సంవత్సరం గుర్తు పెట్టుకోవడానికి మీకు పనికొస్తుంది. వితంతువుల ప్రస్తావన ఈ పాఠంలో మళ్లీ వస్తుంది కూడా.)

బ్రాయర్, సిగ్మండ్ ఫ్రాయిడ్ కలిసి 1895లో ప్రచురించిన పుస్తకంలో ఈమె కథ 'అన్నా ఓ.' అన్న మారుపేరుతో వచ్చింది. అందులో ఆమె కోలుకున్నట్టే రాశారు. చరిత్ర విద్యార్థులుగా మీరు ఇక్కడ ఆగి ఆధారాలు చూడాలి. హెన్రీ ఎలెన్‌బర్గర్ అనే పరిశోధకుడు పాత దస్త్రాలు వెతికి 1972లో ఒక విషయం బయటపెట్టాడు. బ్రాయర్ చికిత్స ముగిసిన 1882లోనే ఆమెను స్విట్జర్లాండ్‌లోని క్రాయిట్స్‌లింగెన్‌లో ఉన్న బెల్వ్యూ శానిటోరియంలో చేర్చారు. అంటే మాటల చికిత్స మొదటి విజయగాథ పుస్తకంలో చెప్పినంత విజయం కాదు. తర్వాతి కాలంలో ఆమె కోలుకుని, జర్మనీలో యూదు మహిళా ఉద్యమ నాయకురాలిగా పేరు తెచ్చుకుంది.

శోకం గురించి సూటిగా రాసినవాడు ఫ్రాయిడ్. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1915లో రాసి 1917లో ప్రచురించిన 'శోకం, విషాదరోగం' అనే వ్యాసంలో ఆయన ఈ రెండింటినీ విడదీశాడు. ఆయన దృష్టిలో శోకం ఒక పని. పోయిన మనిషితో ముడిపడిన ఒక్కొక్క జ్ఞాపకాన్నీ, ఒక్కొక్క ఆశనూ మనసు పైకి తీసి, ఆ మనిషి ఇక లేడని ఒప్పుకుని, ముడి విప్పుకుంటూ పోతుంది. అన్నీ విప్పుకున్నాక మనసు మళ్లీ స్వేచ్ఛ పొందుతుంది. శోకాన్ని ఆయన రోగం అనలేదు. కాలం గడిస్తే అదే తీరుతుందనీ, మధ్యలో జోక్యం చేసుకోవడం మంచిది కాదనీ అన్నాడు. తర్వాతి తరం ఈ హెచ్చరికను మరచిపోయి, 'ముడి విప్పుకోవాలి' అన్న భాగాన్ని మాత్రం గట్టిగా పట్టుకుంది.

ఆ సిద్ధాంతానికి మొదటి ఎదురుసాక్ష్యం ఫ్రాయిడ్ ఇంట్లోనే పుట్టింది. 1920 జనవరిలో ఆయన కూతురు సోఫీ ఫ్లూ జ్వరంతో మరణించింది. ఆమె చిన్న కొడుకు 1923లో నాలుగున్నరేళ్ల వయసులో క్షయతో పోయాడు. 1929లో తన స్నేహితుడు లుడ్విగ్ బిన్స్‌వాంగర్‌కు పుత్రశోకం కలిగినప్పుడు ఫ్రాయిడ్ ఓదార్పుగా ఒక ఉత్తరం రాశాడు. అది రాసిన రోజు సోఫీ బతికి ఉంటే ఆమెకు 36 ఏళ్లు నిండేవి. తీవ్ర శోకం కొంతకాలానికి తగ్గుతుంది గాని, మనం ఓదార్పు లేనివాళ్లంగానే ఉండిపోతామనీ, ఆ ఖాళీలోకి ఏది వచ్చినా అది వేరొకటిగానే ఉంటుందనీ, అలా ఉండటమే సరైనదనీ ఆ ఉత్తరం సారాంశం. 1917 వ్యాసంలోని ముడి విప్పుకోవడం ఇందులో లేదు. అయినా ఫ్రాయిడ్ తన వ్యాసాన్ని సవరించలేదు. వ్యాసం ప్రపంచమంతా చదివింది, ఉత్తరం చాలాకాలం ఒక స్నేహితుడి దగ్గరే ఉండిపోయింది. ఆ స్నేహితుడి తండ్రే బెర్తా చేరిన నాటికి బెల్వ్యూ శానిటోరియం అధిపతి.

బోస్టన్ అగ్నిప్రమాదం

1942 నవంబరు 28 శనివారం రాత్రి అమెరికాలోని బోస్టన్ నగరంలో కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్బులో మంటలు లేచాయి. లోపల పట్టవలసినవారికి రెట్టింపు మంది ఉన్నారు. ముఖద్వారానికి గుండ్రంగా తిరిగే తలుపు ఉంది. జనం ఒక్కసారిగా తోసుకురావడంతో అది ఇరుక్కుపోయింది. మిగతా తలుపుల్లో కొన్నింటికి తాళాలు వేసి ఉన్నాయి. 492 మంది చనిపోయారు.

బతికి బయటపడినవారిలో కొందరిని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రికి తెచ్చారు. కాలిన గాయాలకు చికిత్స చేస్తున్న వైద్యులకు ఒక చిక్కు ఎదురైంది. గాయాలు మానుతున్నా మనుషులు కోలుకోవడం లేదు. అప్పుడు ఎరిక్ లిండెమాన్ అనే మానసిక వైద్యుడిని పిలిచారు. ఆయన ఈ ప్రమాద బాధితులనూ, ఆస్పత్రిలో చనిపోయిన రోగుల బంధువులనూ, యుద్ధానికి వెళ్లిన సైనికుల కుటుంబాలనూ కలిపి మొత్తం 101 మందితో మాట్లాడి, 1944లో ఒక వ్యాసం ప్రచురించాడు. శోకానికి లక్షణాల పట్టిక తయారుచేసిన తొలి ముఖ్యమైన రచన ఇదే.

ఆ పట్టికలో కనిపించేవి మనకు తెలియనివి కావు. గొంతు పట్టేసినట్టుండటం, మాటిమాటికీ నిట్టూర్పు, కడుపులో ఖాళీ, ఒంట్లో సత్తువ లేకపోవడం, ఇరవై నిమిషాల నుంచి గంటసేపు అలల్లా వచ్చిపోయే బాధ. ఇవన్నీ మన ఇళ్లల్లో చూసినవే. లిండెమాన్ చేసిన కొత్త పని వీటిని సహజ శోకంగా గుర్తించి, దారి తప్పిన శోకాన్ని వేరుగా చూపించడం. ఆయన చెప్పిన ఒక రోగి కథ మీరు తప్పక తెలుసుకోవాలి. 32 ఏళ్ల యువకుడు స్వల్ప గాయాలతో బయటపడ్డాడు. భార్య మంటల్లో పోయింది. ఆ వార్త విన్నాక కూడా ఎంతో నిబ్బరంగా ఉన్నాడని ఆస్పత్రివారు అనుకున్నారు, ఇంటికి పంపారు. జనవరి మొదటి రోజున కుటుంబమే అతన్ని మళ్లీ తీసుకువచ్చింది. ఆమెను కాపాడలేకపోయానన్న ఒక్క మాట తప్ప అతనికి మరో ధ్యాస లేదు. కొద్దిరోజుల్లోనే ఆస్పత్రిలోనే ప్రాణం తీసుకున్నాడు. ఏడవకుండా గట్టిగా ఉన్నాడని మనం మెచ్చుకునే మనిషి లోపల ఏం జరుగుతున్నదో పైకి కనిపించకపోవచ్చునని వైద్యలోకానికి తెలియజెప్పిన ఉదంతం ఇది.

మరో ఉదాహరణ కాస్త విచిత్రమైనది. యుద్ధంలో భర్త తప్పక చనిపోతాడన్న భయంతో ఒక భార్య ముందుగానే శోకమంతా అనుభవించేసింది. భర్త క్షేమంగా తిరిగి వచ్చాడు. ఆమె మనసులో అతనికి చోటు లేకుండా పోయింది. దీన్ని లిండెమాన్ 'ముందస్తు శోకం' అన్నాడు.

ఓదార్పు మాటలు మాత్రమే చాలవనీ, పోయినవారితో ఉన్న సంబంధాన్ని గురించి, తప్పు చేశానన్న భావన గురించి, కోపం గురించి కూడా మాట్లాడించాలనీ ఆయన వాదం. ఈ ప్రక్రియకు 'శోకపు పని' అని పేరు పెట్టాడు. అంతవరకు బాగానే ఉంది. ఎటొచ్చీ ఈ పని 4 నుంచి 6 వారాల్లో, 8 నుంచి 10 సమావేశాల్లో ముగించవచ్చునని కూడా రాశాడు. యుద్ధకాలం, తొందర, వైద్యుడి ఉత్సాహం అన్నీ ఆ అంకెలో కనిపిస్తాయి. భార్య పోయిన ఆరు వారాలకు కుదుటపడినవారిని మీరు ఎంతమందిని చూశారు?

వితంతువులు చెప్పినది

ఇంత పెద్ద శోకం వైద్యుడి గదిలోకి ఎందుకు వచ్చిపడింది? అంతకు ముందు ఐరోపాలో దుఃఖానికి సమాజంలోనే ఒక చోటు ఉండేది. విక్టోరియా రాణి 1861లో భర్త ఆల్బర్ట్ మరణించినప్పటి నుంచి 1901లో తాను పోయేవరకు నల్లబట్టలే కట్టింది. ఆయన గదిని అలాగే ఉంచి, రోజూ ఆయన బట్టలు తీసి పెట్టించేది. ఆమెను చూసి జాలిపడ్డవారు, విసుక్కున్నవారు ఉన్నారు గాని, నల్లబట్టల ఆచారం మాత్రం అందరికీ అర్థమయ్యేది. మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షలాది యువకులు పరాయిదేశపు మట్టిలో కలిసిపోయాక ఆ ఆచారాలు సడలిపోయాయి. బ్రిటిష్ సమాజంలో శోకించడానికి పద్ధతి అన్నది లేకుండా పోయిందని జెఫ్రీ గోరర్ 1965లో రాశాడు. గదిని మార్చకుండా ఉంచడాన్ని ఆయన 'మమ్మీకరణ' అన్నాడు. ఆచారం ఖాళీచేసిన చోటే కౌన్సెలింగ్ వచ్చి కూర్చుందనవచ్చు.

అయితే అలా వచ్చిన సేవల్లో మొదటివాటిని నడిపినవారు మానసిక వైద్యులు కారు. మార్గరెట్ టోరీ 1959లో ఇంగ్లండ్‌లో వితంతువుల కోసం 'క్రూస్' అనే సంస్థ స్థాపించింది. బైబిల్లో ఒక పేద వితంతువు ఇంట ఎప్పటికీ తరగని నూనె బుడ్డి కథ ఉంది, ఆ పేరు అందులోంచి వచ్చిందే. బోస్టన్‌లో ఫిలిస్ సిల్వర్‌మాన్ 1960లలో ఇంకా సాహసమైన పని చేసింది. కొత్తగా భర్తను కోల్పోయిన స్త్రీ దగ్గరకు డాక్టర్‌కు బదులు మరో వితంతువును పంపింది. ఫలానా రోజుకు నిద్ర పడుతుంది, ఫలానా పండగకు మళ్లీ కుంగిపోతావు, అప్పుడు ఇలా చెయ్యి అని అనుభవం మీద చెప్పగలిగినవారు వాళ్లే. సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో ప్రారంభించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌లో కూడా, కాలిన్ ముర్రే పార్క్స్ శిక్షణ ఇచ్చిన స్వచ్ఛంద కార్యకర్తలే మృతుల కుటుంబాలను కలిసేవారు.

పార్క్స్ లండన్ వితంతువులతో మాట్లాడి గమనించిన విషయం ఒకటి కీలకమైనది. వాళ్లు భర్తను మరిచిపోవడానికి ప్రయత్నించడం లేదు, వెతుకుతున్నారు. జనంలో ఆయన నడక పోలిక కనిపిస్తే గుండె ఝల్లుమంటుంది. సాయంత్రం తలుపు చప్పుడైతే ఆయనే అనిపిస్తుంది. తల్లి నుంచి విడిపోయిన పసిపిల్లల్లో జాన్ బౌల్బీ చూసినది కూడా ఈ వెతుకులాటనే. శోకం అంటే అనుబంధం తన పని మానకపోవడం అని బౌల్బీ తన గ్రంథం మూడో సంపుటంలో, 1980లో, వివరించాడు.

ఇక్కడ ఒక పొరపాటు గురించి హెచ్చరించాలి. జవాబు పత్రాల్లో చాలామంది విద్యార్థులు శోకానికి అయిదు దశలుంటాయని, నిరాకరణతో మొదలై అంగీకారంతో ముగుస్తుందని రాస్తారు. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో ఆ అయిదు దశలను చెప్పింది మరణానికి దగ్గరపడిన రోగుల గురించి. బతికి ఉన్నవారి శోకానికి వాటిని తర్వాత అతికించారు. ఆ మెట్లు వరుసగా ఎక్కనివారికి తాము సరిగా ఏడవడం లేదేమో అన్న అదనపు బాధ తప్ప దీనివల్ల కలిగే మేలు లేదు.

ముడి విప్పాలా?

1970, 80లలో వచ్చిన చికిత్సలు చాలావరకు ఫ్రాయిడ్ ముడినే విప్పబోయాయి. వామిక్ వోల్కన్ అనే సైప్రస్ తుర్కీ వైద్యుడు అమెరికాలో 'పునఃశోక చికిత్స' రూపొందించాడు. పోయినవారి గడియారం, చొక్కా వంటి ఒక వస్తువును దాచుకుని, దాన్ని చూడనూలేక పారవేయనూలేక ఉండేవారి చేత ఆ వస్తువును బయటికి తీయించి దాని గురించి మాట్లాడించేవాడు. లండన్‌లో 1981లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, తప్పించుకు తిరుగుతున్న జ్ఞాపకాలకు, ఫోటోలకు, సమాధికి ఎదురుగా నిలిపే 'మార్గదర్శక శోకం' పద్ధతిని పరీక్షించారు. కొంత మేలు కనిపించింది. శోకిస్తున్నవారు చేయవలసిన నాలుగు పనులను విలియం వర్డెన్ 1982లో ఒక పాఠ్యపుస్తకంగా రాశాడు. కౌన్సెలర్లు నేటికీ దాన్ని చదువుతారు.

ఎదురుదెబ్బ రెండు వైపుల నుంచి తగిలింది. ఒకవైపు కామిల్ వర్ట్‌మాన్, రాక్సేన్ సిల్వర్ 1989లో శోకం గురించి అందరూ నమ్మే మాటలకు ఆధారాలు అడిగారు. అందరూ తీవ్రంగా కుంగిపోయి తీరాలా? కుంగిపోనివారు తర్వాత ఎప్పుడో పడిపోతారా? జ్ఞాపకాలన్నీ తవ్వి తీయకపోతే మనిషి బాగుపడడా? ఏ ఒక్కదానికీ గట్టి ఆధారం దొరకలేదు. మరోవైపు డెన్నిస్ క్లాస్, బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల బృందంలో ఏళ్ల తరబడి కూర్చుని విన్నాడు. వాళ్లెవరూ ముడి విప్పుకోవడం లేదు. బిడ్డ పుట్టినరోజున కొవ్వొత్తి వెలిగిస్తున్నారు, బిడ్డ పేర మంచి పనులు చేస్తున్నారు, బిడ్డతో మాట్లాడుతున్నారు. అలాగని వాళ్లు రోగులు కారు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు, మిగతా పిల్లలను పెంచుకుంటున్నారు. టోక్యోలో కారు ప్రమాదాల్లో భర్తలను పోగొట్టుకున్న స్త్రీలు ఇంట్లోని పూజాపీఠం ముందు రోజూ భర్తతో మాట్లాడుకుంటారని 1969 నాటి ఒక అధ్యయనం అప్పటికే చెప్పి ఉంది. క్లాస్, సిల్వర్‌మాన్, నిక్‌మాన్ కలిసి 1996లో తెచ్చిన పుస్తకం దీనికి 'కొనసాగే బంధాలు' అని పేరు పెట్టింది. వితంతువులను వితంతువుల దగ్గరికి పంపిన సిల్వర్‌మానే ఈమె.

తద్దినం పెట్టే ఇంట్లో పెరిగినవారికి ఇందులో కొత్త ఏముందని మీకు అనిపించవచ్చు. నిజమే. కాని వియన్నా నుంచి బయలుదేరిన ఒక శాస్త్రం అక్కడికి చేరడానికి దాదాపు 80 ఏళ్లు పట్టింది.

పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ, హెంక్ షుట్ 1999లో ఈ రెండు వాదనలకూ ఒక మధ్యేమార్గం చూపించారు. శోకంలో ఉన్న మనిషి కాసేపు పోయినవారి వైపు, కాసేపు గ్యాస్ బండ బుక్ చేయడం, పిల్లల ఫీజు కట్టడం వంటి పనుల వైపు ఊగుతూ ఉంటాడు. ఆ ఊగిసలాటే ఆరోగ్యం. ఏదో ఒక వైపే నిలిచిపోవడం చిక్కు. (ఉదాహరణలు నావి. వాళ్ల వ్యాసంలో గ్యాస్ బండ ఉండదు.)

మాత్రకు లొంగని శోకం

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 1990ల ప్రారంభంలో, జీవిత భాగస్వామిని కోల్పోయి డిప్రెషన్‌తో ఉన్న వృద్ధులకు నార్ట్రిప్టిలిన్ అనే మందు ఇచ్చి చూశారు. డిప్రెషన్ బాగా తగ్గింది, నిద్ర, ఆకలి తిరిగొచ్చాయి. శోకం మాత్రం దాదాపు అలాగే ఉంది. మందు పనిచేసింది, కాని వాళ్లు వచ్చిన బాధ మీద కాదు. ఇక్కడ కూడా రోగుల మాటను నమ్మినవారున్నారు. హోలీ ప్రిగర్సన్, ఆమె సహచరులు 1995లో 19 ప్రశ్నల కొలమానం తయారుచేసి, ఈ శోకం డిప్రెషన్‌కు వేరైన స్థితి అని చూపించారు. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి దేని మీదా ఆశ ఉండదు. దీర్ఘకాల శోకంలో ఉన్న మనిషికి ఒకే ఒక్క ఆశ ఉంటుంది, అది తీరేది కాదు.

దీనికి తగిన చికిత్సను కేథరిన్ షియర్ రూపొందించింది. 16 వారపు సమావేశాలు. ఇందులో జరిగేదేమిటో మీకు కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే 'మాట్లాడటమే కదా' అన్న చిన్నచూపు మనలో చాలామందికి ఉంది. రోగి కళ్లు మూసుకుని, మరణవార్త తెలిసిన క్షణం నుంచి జరిగినదంతా ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్తుంది. దాన్ని రికార్డు చేస్తారు. ఇంటికి వెళ్లి ఆ రికార్డింగును రోజూ వినాలి. మొదట్లో ఇది భరించరానిది. వారాలు గడిచేకొద్దీ, కథలో ఎప్పుడూ ఆగిపోయే చోటు దాటి ముందుకు వెళ్లగలుగుతుంది. తప్పించుకు తిరుగుతున్న చోట్లకు, ఆ ఆస్పత్రి వీధికో ఆ హోటలుకో, కొద్దికొద్దిగా వెళ్లాలి. ఒక సమావేశంలో పోయినవారితో మాట్లాడి, వారి తరఫున తానే జవాబు చెప్పుకోవాలి. ఇంత బాధ లేకపోతే నీకు ఏం చేయాలని ఉండేదన్న ప్రశ్న మొదటి వారాల నుంచే ఉంటుంది. గమనించారా, ముడి విప్పేవారి పద్ధతీ, బంధం కొనసాగించేవారి పద్ధతీ రెండూ ఇందులో కలిశాయి.

2005లో దీని మొదటి పెద్ద పరీక్షా ఫలితాలు వచ్చాయి. 95 మందిని చీటీ తీసినట్టు రెండు జట్లు చేశారు. రెండు జట్లకూ సంభాషణా చికిత్సే, కాని ఒక జట్టుకు మామూలుగా డిప్రెషన్‌కు చేసేది, మరో జట్టుకు ఇది. మామూలు పద్ధతిలో 28 శాతం మంది, కొత్త పద్ధతిలో 51 శాతం మంది మెరుగయ్యారు. 2014లో 151 మంది వృద్ధులలో ఈ అంకెలు 32 శాతం, 70.5 శాతం. 2016లో 395 మందిపై మరో ప్రశ్న అడిగారు: డిప్రెషన్ మందు సిటలోప్రామ్ తోడైతే ఇంకా మేలా? డిప్రెషన్ లక్షణాలకు మేలు చేసింది. శోకం విషయంలో చికిత్సతో వచ్చిన ఫలితానికి మందు చెప్పుకోదగ్గదేమీ కలపలేదు.

ఈ అంకెలు చూసి శోకంలో ఉన్న ప్రతివారినీ కౌన్సెలింగ్‌కు పంపాలని అనుకోకండి. 61 నియంత్రిత అధ్యయనాలను కలిపి 2008లో చేసిన సమీక్షలో, అందరికీ పంచిన కౌన్సెలింగ్ వల్ల ఒరిగినది దాదాపు ఏమీ లేదని తేలింది. నిజంగా చిక్కుకుపోయినవారికి మాత్రమే స్పష్టమైన మేలు కలిగింది. అటువంటివారు ఆప్తులను కోల్పోయిన పెద్దవాళ్లలో సుమారు పదిమందికి ఒకరని 2017లో వెలువడిన మరో సమీక్ష అంచనా.

ఆరు నెలలా, పన్నెండు నెలలా?

చికిత్సకు ముందు రోగనిర్ధారణ కావాలి. శోకం ఎన్నాళ్ల తర్వాత రుగ్మత అవుతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగ వర్గీకరణ పదకొండో కూర్పు 2022 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అందులో కనీసం 6 నెలలు అన్నారు. అదే సంవత్సరం మార్చిలో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన గ్రంథంలో పెద్దలకు 12 నెలలు అన్నది. ఒకే మనిషి ఎనిమిదో నెలలో ఒక పుస్తకం ప్రకారం రోగి, మరో పుస్తకం ప్రకారం కాదు.

అభ్యంతరాలు అప్పటికే మొదలయ్యాయి. అమెరికన్ గ్రంథపు అంతకు ముందరి కూర్పు సిద్ధమవుతున్నప్పుడు, మరణం జరిగిన రెండు వారాలకే డిప్రెషన్ అని నిర్ధారించే వీలు కల్పించబోతున్నారని తెలిసి ఆర్థర్ క్లైన్‌మాన్ 2012లో ఒక వ్యాసం రాశాడు. ఆయన హార్వర్డ్‌లో మానసిక వైద్యుడు, మానవశాస్త్రవేత్త. ఆ ముందు ఏడాదే భార్యను పోగొట్టుకున్నవాడు. తన సొంత శోకాన్నే సాక్ష్యంగా పెట్టి ఆ గడువును ప్రశ్నించాడు. నా మటుకు నాకు గడువు కంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన మరో షరతు ముఖ్యమైనది. ఆ మనిషి సమాజం, సంస్కృతి, మతం సహజమనుకునే హద్దును శోకం స్పష్టంగా దాటి ఉండాలి. ఈ షరతు వల్ల విషయం మన ఊరికి వస్తుంది.

మన దగ్గర

తెలుగులో పరామర్శ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. చావు జరిగిన ఇంటికి వెళ్లి పలకరించి రావడం పరామర్శ. లోతుగా విచారించడమూ పరామర్శే. పరామర్శ గ్రంథాలు అని పుస్తకాల చివర అచ్చువేసేది ఈ రెండో అర్థంలో. ఒకే మాట ఈ రెండింటికీ సరిపోయింది గాని, ఆచరణలో మనం మొదటిదే చేస్తాం. గుండె రాయి చేసుకొమ్మంటాం, పోయినవాళ్లతో మనమూ పోలేం కదా అంటాం. లిండెమాన్ చాలవన్నది సరిగ్గా ఇటువంటి మాటలనే.

అలాగని మన ఆచారాలు తక్కువవి కావు. హిందువుల పెదకర్మ, మాసికాలు, సంవత్సరీకం, ముస్లింల నలభయ్యో రోజు, క్రైస్తవుల ఆదరణ కూడిక, ఇవన్నీ దుఃఖానికి ఒక కాలపట్టిక, చుట్టూ నలుగురు మనుషులను ఇస్తాయి. కాని వీటిని మాటల చికిత్సకు సమానమని పొగిడేవారితో నేను ఏకీభవించను. పదో రోజున ఆడమనిషి గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, శుభకార్యాల్లో వెనక్కి నిలబెట్టే ఆచారం కూడా అదే పట్టికలో ఉంది. అది ఆమె శోకాన్ని తగ్గించేది కాదు, ముద్రవేసి నిలబెట్టేది. సిల్వర్‌మాన్ బోస్టన్‌లో చేసిన పని ఇక్కడ చేయాలంటే, ఒక వితంతువు మరో వితంతువు ఇంటికి పదిమంది ఎదుట నడిచి వెళ్లగలగాలి.

మన దేశంలో ఈ విషయంపై జరిగిన తొలి అధ్యయనాల్లో ఒకటి కూడా అగ్నిప్రమాదం వల్లనే వచ్చింది. 1981 ఫిబ్రవరి 7న బెంగళూరులో ఒక సర్కస్ డేరా కాలిపోయింది. చనిపోయినవారిలో ఎక్కువమంది పిల్లలు. నిమ్హాన్స్‌కు చెందిన హెచ్.ఎస్. నారాయణన్, ఆయన సహచరులు ఆ కుటుంబాలను కలిసి వారి శోకాన్ని నమోదు చేశారు. అది 1987లో ఆ సంస్థ పత్రికలో అచ్చయింది. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో నిమ్హాన్స్ నిపుణులు స్థానిక కార్యకర్తలకు మానసిక సాంత్వనలో శిక్షణ ఇచ్చారు. వైద్యులు తక్కువున్న చోట ఇదే దారి.

2021 కోవిడ్ రెండో అలలో మన రెండు రాష్ట్రాల్లో వేలాది కుటుంబాలు ఆఖరి చూపు లేకుండా, పాడె మోయకుండా, పరామర్శకు వచ్చే మనిషి లేకుండా ఆప్తులను సాగనంపాయి. అటువంటి ఇంటికి వెళ్లే కౌన్సెలర్ ఎన్ని నెలలైందని మాత్రమే అడిగితే చాలదు. చివరి చూపు దక్కిందా, కర్మ ఎవరు చేశారు, ఇంట్లో ఇప్పుడు ఆ పేరు ఎవరైనా పలుకుతున్నారా, అప్పు ఎవరి మెడకు చుట్టుకుంది అని కూడా అడగాలి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ ఉచిత సేవ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఈ పాఠం చదువుతున్న మీకే ఆ అవసరం ఉంటే, అసైన్‌మెంటు పక్కన పెట్టి ముందు ఆ ఫోను చేయండి.

అభ్యాసం

మీ ఇంట్లోనో వీధిలోనో ఉన్న ఒక పెద్దవారిని అడిగి, వారి చిన్నతనంలో చావు జరిగిన ఇంట్లో ఏయే రోజున ఎవరు వచ్చేవారో, ఏం మాట్లాడేవారో, దేని గురించి మాట్లాడేవారు కాదో రెండు పేజీలు రాయండి. వారి కులం, మతం, ఊరు తప్పక పేర్కొనండి, పేరు రాయవద్దు. గత రెండేళ్లలో దగ్గరివారిని పోగొట్టుకున్నవారిని ఈ పనికి ఎంచుకోకండి. మాట్లాడుతూ వారు మధ్యలో ఆగిపోతే రాయడం ఆపి, కాగితం మడిచి పక్కన పెట్టి, వారి దగ్గరే కూర్చోండి. ఒక్క పేజీయే పూర్తయినా ఆ పేజీనే పంపండి.